చప్పుడు లేని బండి

సారథిగారు అనేది ఆయన పేరు కాదు, వీధివాళ్ళు ఇచ్చిన బిరుదు. స్టీరింగు పట్టుకున్నాడంటే దేవుడే ఎదురొచ్చినా పక్కకు తప్పుకోమని హారన్ కొట్టే రకం గనుక సగం గౌరవంగా, సగం వెక్కిరింపుగా అలా పిలిచేవారు. కూతురికి అద్దాల దుకాణం ఉంది. కిటికీలకూ బీరువాలకూ గాజు కోసేది ఆమె, కోసిన పలకల్ని పికప్ బండిలో వేసుకుని ఇళ్ళకు చేర్చేది ఈయన. ఆ పాత డీజిల్ బండి ఇక నడవనని మొండికేసింది. కొత్తది కొనక తప్పదు. తండ్రీకూతుళ్ళకు చెడింది అక్కడే.

"డీజిలే కొనాలి," అన్నాడాయన. "లీటరుకి అదెంత దూరం పోతుందో తెలుసా నీకు? బరువెక్కిస్తే పెట్రోలు బండి ఏడుస్తుంది."

"మనకి బరువెక్కడుంది నాన్నా? నాలుగు అద్దాలు, నాలుగు వీధులు. ఇంజను వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది. అలా దగ్గర దగ్గరే తిప్పితే కొత్త డీజిల్ బండ్లలో పొగ ఫిల్టరు మసి పట్టి మూసుకుపోతుందట. మైలేజీలో మిగిలిందంతా మెకానిక్కి పోస్తాం. దూరాలు తిరిగేవాళ్ళకి డీజిలు. మనకి పెట్రోలు చాలు."

"నేను డీజిలంటే డీజిలే."

"నీకెన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే!" అని విసుక్కుంది కూతురు.

ఆమె అందరూ అన్నట్టే మాటవరసకు అంది. ఆయన గుండె మాత్రం గుభేలుమంది. ఎందుకంటే అది అక్షరాలా నిజం.

కొంతకాలంగా వినికిడి తగ్గిపోతోంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి ఎలాగో నెట్టుకొస్తున్నాడు. వెనకనుంచి పిలిస్తే పరధ్యానం నటిస్తున్నాడు. పాత బండితో ఏ చిక్కూ లేకపోయింది. డీజిల్ ఇంజను నడుస్తోందని సీటు చెప్పేది, అరికాళ్ళు చెప్పేవి. గేరు రాడ్డు అరచేతిలో వణికి, ఇప్పుడు మార్చు అనేది. పెట్రోలు బండి అంత మాటకారి కాదు. పైగా సంగతి బయటపడితే కూతురు తాళం తీసేసుకుంటుంది. భార్య పోయాక పొద్దున్నే లేవడానికి ఆయనకు మిగిలినది ఆ బండి ఒక్కటే. అందుకే మైలేజీ, మైలేజీ అని గొంతు చించుకున్నాడు. చెప్పింది అబద్ధం కాదు, కానీ అసలు కారణమూ కాదు.

షోరూముకు వెళ్ళాక కూతురి మాటే నెగ్గింది. సేల్స్‌మాన్ పెట్రోలు పికప్ చూపించి, నడిపి చూడమని తాళం చేతిలో పెట్టాడు. కూతురు పక్క సీట్లో కూర్చుంది. సారథిగారు తాళం తిప్పి, కాళ్ళకింద వణుకు కోసం చూశాడు. రాలేదు. మళ్ళీ తిప్పాడు. ఇంకోసారి తిప్పేసరికి, కిటికీ దగ్గర నిలబడ్డ సేల్స్‌మాన్ తన పన్నే పీకుతున్నట్టు ముఖం పెట్టాడు.

"సార్, సార్! ఇంజను ఆన్‌లోనే ఉందండీ!" అన్నాడు. అమ్మేవాడు గనుక వెంటనే మర్యాద కూడా చేశాడు. "మా బండికి చప్పుడుండదు కదండీ, అందరూ ఇలాగే పొరబడతారు."

సారథిగారు తాళం మీంచి చెయ్యి తీసి స్టీరింగు మీద పెట్టాడు. కూతురు ఆయన వైపు చూసింది.

బండి బయటకు తీయాలంటే కాస్త వెనక్కి రావాలి. అద్దంలో చూసుకున్నాడు, ఖాళీగానే ఉంది. రివర్స్ వేసి మెల్లగా వదిలాడు. ఉన్నట్టుండి కూతురి చెయ్యి అడ్డంగా వచ్చి హ్యాండ్‌బ్రేకు లాగింది. బండి కుదుపుతో ఆగింది.

"ఏమైంది?" అన్నాడు తెల్లబోయి.

బండి వెనక కిందపడ్డ చీపురు తీయడానికి వంగిన వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. అతనికీ బండికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. బండి కదిలినప్పుడే సేల్స్‌మాన్ అరిచాడు, వాచ్‌మన్ అరిచాడు, వెనక్కి తిరిగి చూస్తూ కూతురూ అరిచింది. ఒక్క అరుపూ ఆయన దాకా రాలేదు.

కూతురు తన ముఖం ఆయనకు కనబడేలా తిరిగింది.

"ఎప్పట్నించి నాన్నా?"

కొత్త బండి, అలవాటు లేదు అనే మాట నాలుక చివరే ఉంది. అద్దంలో వాచ్‌మన్ చెమట తుడుచుకుంటూ, పర్లేదు సార్ అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. పాపం, నవ్వుతున్నాడు కూడా. ఆ నవ్వు చూశాక అబద్ధం గొంతు దాటలేదు.

"రెండేళ్ళయింది," అన్నాడు.

"డీజిల్ గొడవంతా ఇందుకేనా?"

"మైలేజీ కూడా నిజమే."

కూతురికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నాకు చెబితే ఏం పోయేది?"

"తాళం అడుగుతావని."

ఇప్పుడైనా అడగాలి. అడగకపోతే తప్పని ఆమెకు తెలుసు. నోరు తెరిచింది, మాట పెగల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. తనతో ఎంత పెద్ద గొడవకైనా సిద్ధపడే పిల్ల ఇంత చిన్న మాట అనలేకపోతోందని ఆయనకు అర్థమైంది. సిగ్గేసింది.

ఇంజను ఆపి, తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"పెట్రోలుదే కొందాం. చెవికి మిషనేదో పెట్టిద్దువు గాని. డాక్టరు నడపొచ్చంటే నడుపుతా. అందాకా నువ్వే నడుపు, నేర్పింది నేనే కదా."

"నాన్నా..."

"జరుగమ్మా ఇటు."

ఆయన దిగి, బండి ముందునుంచి చుట్టూ నడిచి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కూతురు వాచ్‌మన్ పక్కకు జరిగేదాకా ఆగి, బండిని నెమ్మదిగా రోడ్డెక్కించింది. మొదటి మలుపు దగ్గర సారథిగారి కుడికాలు అలవాటుగా కింద గట్టిగా నొక్కింది. అక్కడ బ్రేకు లేదు. కూతురు వేసింది, బండి ఆగింది.