తాటిచెక్కల గోడ

"ప్లాస్టరింగు పూర్తిగా ఊడిపోయినది. భవనం శిథిలం."

నందిగామ రైతు పఠన మందిరం గేటుకు అంటించిన నోటీసులో ఈ ముక్క చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఊడిపోవడానికి అసలు వేస్తే కదా!

డెబ్బై తొమ్మిదిలో ఆ గోడలు పోసింది నేనే. పేరు రాంబాబు, మాది జగ్గయ్యపేట, సెంట్రింగు మేస్త్రీని. కాంక్రీటు మీద పూత వద్దు, చెక్కల గుర్తులు అలాగే కనబడాలన్నాడు అప్పటి ఇంజనీరు. చందర్లపాడు నుంచి తాటిచెక్కలు తెప్పించి అచ్చులా బిగించి, మధ్యలో కాంక్రీటు పోశాను. ఒక్కో చెక్కకూ నూనె రాసింది నా భార్య ఆరోగ్యమ్మ. చెక్కలు విప్పితే తాటి పీచు గీతలు గోడ నిండా దిగి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్క పగులు లేదు. ఆరోగ్యమ్మ పోయాక నెలకోసారి బస్సెక్కి వెళ్ళి ఆ గోడ తడిమి వచ్చేవాణ్ణి.

నోటీసు చింపుకుని తిన్నగా మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను.

"ఏమయ్యా, ఊడిందని రాశావు! కిందపడ్డ పెళ్ళ ఒక్కటి చూపించు!" అని టేబులు మీద చరిచాను.

"కోప్పడకండి తాతగారూ," అన్నాడు కుర్ర ఇంజనీరు కిషోర్‌బాబు. "గోడ మొరటుగా ఉంటే ఊడిందనుకున్నానండి. అర్జీ పెట్టుకోండి, చూస్తా. ఫారంలో గళ్ళు రెండే. కూల్చివేత, మరమ్మతు."

"ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయమని ఎక్కడ రాయాలి?"

"దానికి గడి లేదండి."

కూల్చడం కన్నా నయం కదా అని 'మరమ్మతు' దగ్గర టిక్కు కొట్టి సంతకం పెట్టాను. వెధవ సంతకం!

రెండు నెలలకు అతనే ఫోన్ చేశాడు. "మీ బిల్డింగు నిలబడిందండి! రేపు మీకు సన్మానం, తప్పకుండా రావాలి." ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను. గేటు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. గోడలన్నీ నున్నగా సిమెంటు పూసేశారు. ఒక మూల ఇంకా పచ్చిగానే ఉంది.

కిషోర్‌బాబు నా భుజాల మీద శాలువా కప్పాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు.

"ఎలా ఉందండీ? కొత్త పెళ్ళికూతురిలా లేదూ?"

"నీ మొహంలా ఉంది!"

శాలువా లాగి ఆ పచ్చి పూతను బరబరా తుడిచాను. అతను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను. పూత పోయి లోపలి కాంక్రీటు బయటపడింది. తాటి గీత కోసం వేళ్ళతో వెతికాను. ఒక్కటీ తగల్లేదు. అన్నీ ఉలి గాట్లే.

"అలా చెక్కకపోతే ప్లాస్టరింగు ఊడిపోద్దండి," అన్నాడు కిషోర్‌బాబు.