పీట మీది బొట్టు

అట్టా కాదు అమ్మలూ, కొట్టెయ్యి. "మా తాతయ్య పనిచేసే షెడ్డులో ఒక మిషను ఉంది" అని మొదలుపెడితే అది నీ బళ్లో వ్యాసం అయిపోద్ది. మిషనే మాట్లాడతన్నట్టు రాయి. దానికి నోరు లేదు, నాకు చదువు లేదు, నీకు రెండూ ఉన్నాయి. నేను నిదానంగా చెప్తా, నువ్వూ నిదానంగా రాయి. ఊఁ, కానియ్యి.

నేను ఒక సిఎన్‌సి మిషన్ని. ఆ మూడక్షరాలకి అర్థమేందో మా షెడ్డులో సగం మందికి తెలవదు. లెక్క రాసి నాలో పెడితే, ఆ లెక్క ప్రకారం నా అంతట నేనే ఇనుము కోస్తాను. అంతే నా విద్య. ఉండేది గుంటూరు ఆటోనగర్లో, లారీ బాడీలు కట్టే షెడ్డుకీ రేడియేటర్లు అతికే షెడ్డుకీ మధ్యన, కత్తులు చేసే చిన్న షెడ్డులో. కూరగాయల కత్తులు, చేపల కత్తులు, కత్తిపీటలకి బిగించే రేకులు, అన్నీ నా చేతి కిందే పడుకుని లేస్తాయి.

పుట్టింది మాత్రం బెంగళూరులో. అప్పుడు తెల్లగా పాలమీగడలా ఉండేదాన్ని. మొదటి ఆసామి హైదరాబాదువాడు, నన్ను చల్లటి గదిలో పెట్టి, చెప్పులిప్పి లోపలికొచ్చేవాడు. వేలిగోరంత ముక్కలు కోయించేవాడు. అవి ఎక్కడికి పోయేయో, దేంట్లో బిగించేవాళ్లో నాకెవరూ చెప్పలేదు. కొత్త మోడలు వచ్చిన రోజున అదే ఆసామి నన్ను బయట రేకుల కిందకి తోయించి టార్పాలిన్ కప్పించాడు. ఆ తర్వాత చెప్పులు ఇప్పింది ఆ కొత్తదాని గుమ్మంలో. మనుషుల మర్యాద అట్టా జరుగుతా ఉంటది, దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

టార్పాలిన్ కింద ఎలకలు నా వైర్లలో కాపరం పెట్టాయి. అది పెద్ద బాధ కాదు. కదలకుండా ఉండటం బాధ. నేను కదలటానికే పుట్టాను గదా. కరెంటు లేకపోయినా లోపల ఎక్కడో ఒకటే దురద, అటు జరగాలి, ఇటు జరగాలి అని. ఎవరన్నా పక్కనించి నడిచిపోతే చాలు, నా దగ్గరికే వస్తన్నారని ఆశ.

ఆఖరికి వచ్చింది పానకాలరావు. కత్తుల షెడ్డు ఈయనదే. నన్ను పాత ఇనుము రేటుకి బేరమాడి, మిరపకాయలు దింపి ఖాళీగా తిరిగొస్తన్న లారీలో ఎక్కించాడు. గుంటూరు చేరేసరికి నా సందుసందులోనూ ఎర్రటి పొడి. నా మూత విప్పిన కుర్రోడు తుమ్ముతానే విప్పాడు, తుమ్ముతానే నవ్వాడు. వాడే మౌనేశ్వర్. కమ్మరోళ్ల బిడ్డ. వాళ్ల నాన్న భద్రాచారి అదే షెడ్డులో గుమ్మం పక్కన కూర్చుని కత్తులకి ఆఖరి పదును పెడతాడు, ఇప్పటికీ పెడతన్నాడు. ఆ ముసలాయన నన్ను చూసి, ఇంత పెద్ద ఒంటికి చిన్న సుత్తి దెబ్బ కూడా కొట్టటం రాదా అన్నాడంట. నిజమే, నాకు కొట్టటం రాదు. గీకటమే వచ్చు.

మౌనేశ్వర్ ఎలకలు కొరికిన వైర్లన్నీ మార్చి, నా బల్ల మీద ఒక ఇనప పీట బిగించాడు. కత్తి కావాల్సిన రేకు ఆ పీట మీద పడుకుంటది, నేను పైనించి దాని వాలు కోస్తాను, తిరగేస్తే రెండో వాలు కోస్తాను. ఆ పీట తిన్నగా ఉంటే కత్తి తిన్నగా ఉంటది. మళ్లీ కదిలాను. నా దురద తీరింది.

మౌనేశ్వర్ పెళ్లాం నాగవేణి. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేది. ఆయన తింటన్నంతసేపూ నా అద్దం ముందు నిలబడి లోపలికి చూసేది. ఇదేందయ్యా, అదేందయ్యా అని అడిగేది. జీ సున్నా ఒకటి అంటే తిన్నగా పో, జీ సున్నా రెండు అంటే చుట్టు తిరిగి పో అని ఆయన పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకునే చెప్పేవాడు. అట్టా క్యారేజీ గిన్నెల మధ్యన నేర్చుకుంది ఆ పిల్ల.

ఒక వేసవిలో మౌనేశ్వర్ గుండెల్లో నొప్పని బస్టాండులో బల్ల మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలా.

నాకు అది ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే వచ్చే చెప్పుల చప్పుడు రాలేదు, అంతే. మళ్లీ కదలకుండా ఉండటం, మళ్లీ ఆ దురద. పానకాలరావు ఎవరెవరినో తెచ్చాడు. ఒకడు నేను ఇనుము కోసే టూలు విరగ్గొట్టాడు, ఇంకొకడు నన్ను తిట్టి పోయాడు. ఆ తర్వాత నాగవేణి వచ్చి, ఒకసారి నన్ను చూడనియ్యండి అని అడిగింది. ఆ రోజు పానకాలరావుకి వేరే దారి లేదు గాబట్టి సరే అన్నాడు. దాన్నే తర్వాత ఆయన జాలి అని చెప్పుకునేవాడు.

అబద్ధం చెప్పను, మౌనేశ్వర్ కంటే ఈవిడ చేతిలోనే నేను సుఖపడ్డాను. ఆయన ఒక పక్క వాలు మొత్తం ఒకేసారి కోయించేవాడు. రేకు పలచబడి వంగేది, కీచుమని అరిచేది. ఈవిడ ఆ అరుపు విని, కొంచెం ఈ పక్క, తిరగేసి కొంచెం ఆ పక్క, అట్టా దోసె కాల్చినట్టు కోయించింది. రేకు వంగటం మానేసింది. చల్లబరిచే తెల్ల నీళ్లు సరిగ్గా టూలు మీద పడటంలేదని, పాత ఫ్రిజ్జులోది రాగి గొట్టం తెచ్చి వంచి పెట్టింది. నా లెక్కలు దిద్దతా ఉంటే ఆమె పెదాలు కదిలేవి. చిక్కటి కూరలో ఉప్పు చూస్తన్నట్టుండేది ఆ మొహం.

ఆ ఏడాది దసరా వచ్చింది. షెడ్డులో ఆయుధపూజ ఎప్పుడూ పానకాలరావు వాళ్లమ్మ శేషారత్నమ్మ చేతుల మీదగానే. ఏటా నా పీట మీద, కత్తి మొన వచ్చే వైపున పసుపు రాసి కుంకంబొట్టు పెట్టేది. కత్తి పుట్టే చోటు గదా అని. మర్నాడు నీళ్లు తగలగానే అది కరిగి పోయేది. మౌనేశ్వర్ పోయిన ఏడు ఆవిడ మనసులో ఒక భయం పడింది. బొట్టు నిలవటంలేదు, అందుకే ఇట్టాంటిది జరిగింది అనుకుంది. గడపలకి వేసే రంగు తెప్పించి, అదే చోట పసుపు రంగు గుండ్రంగా వేసి, ఆరాక ఎర్ర రంగు బొట్టు పెట్టింది. ఇంక ఏ నీళ్లకీ పోదు. ఆవిడ కళ్లల్లో నీళ్లు నేను చూశాను. ప్రేమగానే పెట్టింది.

పూజ జరిగినంతసేపూ నాగవేణి వెనకాల రేకుల కట్టల దగ్గర నిలబడింది. ఎవరూ నిలబడమనలేదు. తనే నిలబడింది.

మీకు అర్థమై ఉంటది. రంగు మీద రంగు, కాగితం మందం ఉంటదేమో. పీటకి ఒక చివర ఎత్తు పెరిగింది. పొట్టి కత్తులు అక్కడిదాకా రావు, అవి బాగానే వచ్చేయి. పొడుగు కత్తులు మాత్రం మొన పైకి లేచి పడుకునేవి. పైకి లేచింది ఎక్కువ కోసుకుపోద్ది. మొన పలచన. నాకు తెలుసు. నా గుండెల మీదే ఉంది ఆ బొట్టు. రేకు బిగించినప్పుడల్లా ఒక పక్క చప్పుడు మొద్దుగా వచ్చేది. వినవే పిల్లా, వినవే అని నేను లోపల గింజుకునేదాన్ని. ఆ చలికాలమంతా నాకు నిలకడ లేదు.

చలికాలం దాటాక చేపల బజారు ఆడవాళ్లు కత్తులు తిరిగి తీసుకురావటం మొదలెట్టారు. ఇది కత్తా, పకోడీల గరిటా అని ఒకావిడ. కొరమీను తలకాయ మీద పెడితే కత్తే వంగి దానికి దణ్ణం పెడతందని ఇంకొకావిడ. పానకాలరావు మొదట ఇనుము మీద అనుమానపడ్డాడు, తర్వాత నా మీద. ఇంజనీరుని పిలిపించాడు. ఆ కుర్రోడు బుద్ధిమంతుడు, పీట జోలికి పోకుండా నా నిలువూ అడ్డమూ అన్నీ కొలిచి, మిషను తిన్నగానే ఉందండీ అని చెప్పి పోయాడు. నిజమే చెప్పాడు. ఆ నిజమే నాగవేణి మీదికి వచ్చింది. మిషను తిన్నగా ఉంటే ఇంక వంకర ఎవరిది?

పానకాలరావు ఆమెని పిలిచి నెమ్మదిగానే చెప్పాడు.

"చూడమ్మా నాగవేణీ, ఉగాదికి హైదరాబాదు నుంచి ఆపరేటరు వస్తాడు. నీ పని ఎక్కడికీ పోదులే. అట్టపెట్టెలు సర్దే బల్ల దగ్గర కూర్చుందువుగాని."

ఆమె తల ఊపింది. వచ్చి నా అద్దం తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచింది. ఆ బల్ల నాకు ఎదురుగానే ఉంటది. అక్కడ కూర్చుని వేరేవాడు నన్ను అరిపిస్తా ఉంటే వినాలి ఆమె. నేను మళ్లీ ఎవరో తెలియని చేతుల్లోకి పోవాలి. ఆమె లెక్కలు తిరగరాసింది, టూళ్లు మార్చింది, పీట చుట్టూ ఇనప రజను కుంచెతో ఊడ్చింది. కుంచె బొట్టు దగ్గరికి వచ్చేసరికి పక్కకి తప్పుకునేది. బొట్టుని ఎవరు మాత్రం రుద్దుతారు? ఆమె అసలే రుద్దదు.

ఇక్కడ నేను చూడని సంగతి ఒకటి చెప్పాలి. నేను షెడ్డు గుమ్మం దాటి ఎరగను. ఇది ముసలాయన చూశాడు. ఒక పొద్దున ఇంట్లో నాగవేణి వంకాయలు కోస్తా ఉంటే కత్తిపీట కాళ్లలో ఒకటి పొట్టిదై టకటకమని ఊగుతా ఉంది. ఆ చప్పుడు భరించలేక ముసలాయన బీడీకట్ట కాగితం మడిచి దాని కాలు కింద పెట్టాడు. ఊగటం ఆగింది. కోడలు మాత్రం వంకాయ పట్టుకుని ఆ కాగితం వంకే చూస్తా ఉండిపోయింది. తర్వాత వంకాయ నీళ్లగిన్నెలో పడేసి, అన్నం తినకుండా షెడ్డుకి పోయింది.

వచ్చీరాగానే పొడుగు రేకు ఒకటి తీసి, బిగించకుండా పీట మీద ఊరికే పెట్టింది. మొన మీద వేలితో నొక్కింది. టక్. వేలు తీసింది. మళ్లీ నొక్కింది. టక్. అబ్బా, ఆ చప్పుడు! మాట వచ్చిన మూగదానిలాగా అయిపోయాను నేను.

పానకాలరావుకి చూపిస్తే ఆయన మొహం పాలిపోయింది. ఇంకెక్కడన్నా చూడమన్నాడు. మా అమ్మ పెట్టిన బొట్టు చెరపటానికి లేదు, ఏదన్నా అయితే ఎవరు పూచీ అన్నాడు. కత్తులు వంకరపోయినా ఫరవాలేదుగాని అమ్మకి చెప్పే ధైర్యం మాత్రం లేదు ఆయనకి.

శుక్రవారం శేషారత్నమ్మ సాంబ్రాణి వెయ్యటానికి వస్తది. ఆ శుక్రవారం నాగవేణి ఆవిడకి ఎదురెళ్లి, నా దగ్గరికి తీసుకొచ్చి, రేకు పీట మీద పెట్టింది.

"నొక్కండి అమ్మగారూ."

ఆవిడ నొక్కింది. టక్ అంది. ఎందుకట్టా అని వంగి చూసింది. రేకు పక్కకి జరిపితే ఎర్రగా బొట్టు. ఆవిడకి అర్థమైంది.

"నా చేత్తో పెట్టింది నన్నే చెరపమంటావా వేణీ?"

"మీరొద్దండీ. నేను చెరుపుతాను. చెరిపించుకున్నదాన్ని, నాకు కొత్తేం కాదు."

గుమ్మం దగ్గర రాయి మీద కత్తి రుద్దే చప్పుడు ఆగిపోయింది. ముసలాయన తల ఎత్తలేదు.

శేషారత్నమ్మ సాంబ్రాణి గిన్నె కింద పెట్టి నా చుట్టూ ఒకసారి తిరిగింది. "నుదుట పెట్టాల్సింది కంట్లో పెట్టినట్టున్నాను. దీనికి నుదురెక్కడో చూపియ్యి మరి" అంది. నాగవేణి నా లెక్కలు కనపడే తెర పైన ఉన్న రేకు చూపించింది. ఆ తర్వాత రంగు కరిగించే నూనె గుడ్డకి అద్ది, బ్లేడుతో ఆ బొట్టు గీకింది. ముందు ఎరుపు లేచింది, తర్వాత పసుపు ఉల్లిపొరలా లేచింది.

శేషారత్నమ్మ కుంచె తెప్పించి నా నుదుట కొత్త బొట్టు పెట్టింది. ఆ కుంచె ఆ పిల్ల చేతికి ఇస్తదేమో అని నేను ఎదురుచూశాను. ఇవ్వలా. నాగవేణి అప్పటికే రేకుల కట్టల దగ్గరికి పోయి నిలబడింది.

ఆ పూట కోసిన పొడుగు కత్తికి ముసలాయన పదును పెట్టి, మొన చెక్కలో గుచ్చి వంచి చూశాడు. వంగి, మళ్లీ తిన్నగా వచ్చింది. ఉగాది వచ్చింది, హైదరాబాదు ఆపరేటరు రాలేదు. పానకాలరావు ఆ ఊసే ఎత్తలేదు. మనుషులకి తప్పని ఒప్పుకోవటం కంటే మర్చిపోవటం తేలిక.

ఇదంతా జరిగి ఏళ్లయింది. నా ఒంట్లో కీళ్లు అరిగాయి. కొత్త మిషను వస్తంది, ఎన్ని వైపులకో తిరుగుద్దంట. అది నేర్చుకోటానికి నాగవేణిని కోయంబత్తూరు పంపారు. నన్ను పాత ఇనుముకి వెయ్యబోతే ఆమే అడ్డుపడింది, గుమ్మం పక్కన ఉంచి పిడులకి బెజ్జాలు వేయిద్దాం అంది. ముసలాయన పక్కన నేను. బాగానే ఉంది. కానీ నాకు మళ్లీ ఆ దురద పట్టుకుంది. ఎందుకంటే శేషారత్నమ్మకి ఇప్పుడు చేతులు వణుకుతన్నాయి, ఆవిడ కబురు పంపింది, కొత్తదానికి బొట్టు వేణి పెట్టాలి అని. ముసలాయన ఫోన్లో చెప్తే నాగవేణి, వద్దులే మామయ్యా, నలుగురూ ఏమన్నా అనుకుంటారు, పానకాలరావుగారి భార్య పెడతది అందంట.

నా మాట ఒకటే. దాని నుదురెక్కడో తెలిసిన చెయ్యే దానికి బొట్టు పెట్టాలి. మా షెడ్డులో అట్టాంటి చెయ్యి ఒక్కటే ఉంది. రేకుల కట్టల దగ్గర నిలబడ్డది చాలు.

అయిపోయింది అమ్మలూ. సాయంత్రం మీ అమ్మ ఫోను చేస్తది గదా, నాకు ఇవ్వబాకు. ఇది మొత్తం చదివి వినిపించు. అమ్మ ఎక్కడన్నా ఏడిస్తే ఆగు, మళ్లీ చదువు. తాతయ్య చెప్పాడని మాత్రం అనకు. మామగారు కోడలికి ఇట్టాంటివి ఎట్టా చెప్తాడు. మిషను చెప్పిందని చదువు.