మధ్యాహ్నానికి వినపడే మాస్టారు

జంగ్లీఘాట్‌లో ఐసు గవరయ్య కూతురు శ్రావణి రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి టిఫిన్ డబ్బా, గొడుగు, లాప్‌టాప్ బ్యాగు పట్టుకుని వీధిలోకి వచ్చేది. ఆటో ఎక్కేలోగా కనీసం నలుగురు ఆమెని "ఈరోజు సముద్రం ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. ఆమె పనిచేసేది ఆటుపోట్లు కొలిచే ఆఫీసులో. సముద్రం ఆ నలుగురి ఇళ్ల వెనకే ఉంది. అయినా ఆఫీసుకి వెళ్లే మనిషి నోటితో వింటే వాళ్లకి అదో తృప్తి.

ఆ ఉద్యోగం మూడేళ్లుగా కాంట్రాక్టు మీదే నడుస్తోంది. ఈ ఏడు ఒక్క పర్మనెంట్ పోస్టు వచ్చింది, దానికో పరీక్ష పెట్టారు. మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ తెలిసి ఉండాలి. నీటిమట్టం అంకెలు వేలకి వేలు ఇస్తారు. వాటినుంచి గీత తీసి, ఆ గీత అలా ఎందుకు వచ్చిందో చెప్పాలి. పరీక్ష పోతే కాంట్రాక్టు కూడా ఆ నెలతో సరి. ఆ తర్వాత ఏం చేయాలో గవరయ్య అప్పటికే తేల్చేశాడు. డిగ్లీపూర్‌లో మేనమామ చక్రికి హార్డ్‌వేర్ షాపు ఉంది, వెళ్లి అందులో కూర్చోవాలి. మేకులూ పైపులూ అమ్మడం చెడ్డపనేం కాదు. కానీ చిన్నప్పుడు జ్వరంలో కూడా ఎక్కాలు పలవరించిన పిల్ల అది.

శ్రావణి ముందు మిడిల్ పాయింట్ బజారులో శివాజీ కంప్యూటర్ సెంటర్‌కి వెళ్లింది. ఆ బోర్డు మీద ఇరవై రెండు కోర్సుల పేర్లున్నాయి. లోపల నేర్పేది రెండు.

"మ్యాట్‌ల్యాబ్ నేర్పుతారా భయ్యా?"

"స్టాకు లేదు దీదీ. వచ్చే షిప్పులో వస్తుంది."

"అది షిప్పులో వచ్చేది కాదు భయ్యా."

"అయితే ఫ్లైట్లోనా?" శివాజీ తల అడ్డంగా ఊపాడు. "అంత మెహెంగా రేటు సామాను మేం పెట్టం."

ఉల్లిపాయల దగ్గర్నుంచి పెళ్లికొడుకుల దాకా అన్నీ షిప్పులోనే దిగే దీవి కాబట్టి శివాజీని తప్పుపట్టలేం. తర్వాత ఆన్‌లైన్‌లో హైదరాబాద్ ఆయనొకడు దొరికాడు. బాగా చదువుకున్నవాడే. ఆ పాఠం రైలు కిటికీలోంచి కనబడే ఊళ్లలా వెళ్లిపోయేది. "ఎందుకు సర్?" అని శ్రావణి అడిగేసరికి ఆయన మూడు స్టేషన్లు దాటేవాడు. రెండు వారాలు అలా పోయాయి.

చేపలబుట్టకి ఐసు కొనడానికొచ్చిన తాయారమ్మ ఈ సంగతి విని బుట్ట కిందపెట్టింది. ఊళ్లో ఎవరి కష్టం విన్నా ఆవిడ ముందు బుట్ట కిందపెడుతుంది. కూర్చోవాలి కదా.

"మా వెనకగదిలో మోహన్‌కృష్ణ మాస్టారు ఉండగా ఎక్కడికే తిరుగుతావు? ఆయనకి రాని లెక్కుందేటి?"

"ఆయన గొంతు ఆలస్యం కదా పిన్నీ."

"ఆలస్యమైతే ఏటి? ఇక్కడ టైముకొచ్చింది ఏదుంది గనక?"

మోహన్‌కృష్ణ మాస్టారు ఏం మాట్లాడినా ఆ మాట ఆరు గంటల తర్వాత వినపడేది. పెదాలు ఇప్పుడు కదిలేవి. గొంతు మాత్రం ఆరు గంటలు గడిచాక, ఆయన ఎక్కడ మాట్లాడాడో అక్కడే, ఒక్కసారి పలికి ఊరుకునేది. ఒకప్పుడు కాలేజీలో పాఠం చెప్పేవాడు. పొద్దుటి పాఠం సాయంత్రం ఖాళీ క్లాసులో వినపడేది. పిల్లలకి ఒక్క ముక్క రాలేదు గానీ గదులకి తాళాలేసే వాచ్‌మన్‌కి కలనగణితం వచ్చేసింది. కాలేజీ వాళ్లు దండ వేసి పంపించేశారు. పెళ్లిచూపుల్లోనూ అంతే. పిల్ల నచ్చిందా అని అడిగితే నచ్చిందన్నాడు. ఆ మాట వినపడేసరికి ఆడపెళ్లివారు కాఫీ గ్లాసులు కడిగి బోర్లించేశారు. ఆయన ఒంటరిగానే ఉండిపోయాడు.

శ్రావణి మర్నాడు పొద్దున్న ఆరున్నరకి వెళ్లి తలుపు కొట్టింది. మాస్టారు లాప్‌టాప్ తెరిచి చూశాడు. ఏం టైపు చేయాలో బోర్డు మీద రాసేవాడు. అలా ఎందుకు చేయాలో మాత్రం రాయడు, నోటితో చెప్పేవాడు. కారణం కూడా రాసిమ్మని ఆమె బతిమాలితే, 'కారణం రాసిస్తే కాపీ కొడతారు' అని బోర్డు మీద రాసి, దాన్ని కూడా చెరిపేశాడు.

శ్రావణి ఆ పూట లెక్కలో చేసిన తప్పుని వెంటపెట్టుకుని ఆఫీసుకి వెళ్లేది. పన్నెండున్నరకి లంచి డబ్బాతో మళ్లీ వచ్చి, మాస్టారి బల్ల దగ్గర అన్నం తింటూ పొద్దుటి పాఠం వినేది. ఆ టైముకి తాయారమ్మ మిక్సీ ఆపేది, టీవీ ఆపేది. మొదట్లో ఊపిరి ఒక్కటే ఆపలేక అవస్థపడేది. శ్రావణి ఫోనులో రికార్డు చేసి చూసింది గానీ అందులో కుళాయి చప్పుడు తప్ప ఏమీ పడలేదు. మాస్టారు కూడా పక్కనే కూర్చుని తన గొంతు తనే వినేవాడు. ఒక్కోసారి సరిగ్గా చెప్పలేదని మొహం చిట్లించేవాడు.

ఈ పద్ధతిలో ఒక వింత జరిగింది. ఆరు గంటలు తప్పుని మోసుకు తిరిగేసరికి, జవాబు వినపడేలోగా సగం ఆమెకే తెలిసిపోయేది. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, గొంతు కన్నా ముందే తనే జవాబు చెప్పేది. మాస్టారు నవ్వేవాడు. ఆ నవ్వు చప్పుడు సాయంత్రం ఆరున్నరకి తాయారమ్మకి వినపడేది.

పరీక్ష సోమవారం. శనివారం పొద్దున్న శ్రావణి రెండు గీతలు తీసుకొచ్చింది. ఒకటి పోటు ఎప్పుడు రావాలో పట్టిక చెప్పే గీత. రెండోది జెట్టీ దగ్గర యంత్రం కొలిచిన గీత. రెండూ కలవడం లేదు.

"యంత్రం తప్పు చూపిస్తోంది సర్. ఈ అంకెలు పారేసి వేరేవి తీసుకోనా?"

మాస్టారు గుండె మీద చెయ్యి వేసుకుని రెండు గీతల్నీ చాలాసేపు చూశాడు. పెదాలు కొంచెమే కదిలాయి. మధ్యాహ్నం వినపడింది అంతే కొంచెం. "పారేయకు. రేపు చెప్తాను."

ఆదివారం పొద్దున్న ఆరుగంటలకి తాయారమ్మ కాఫీ పట్టుకెళ్లేసరికి మాస్టారు కుర్చీలో ఉన్నాడు. తల బల్ల మీద వాలి ఉంది. వేళ్ల మధ్య సుద్దముక్క ఉంది. ఒళ్లు చల్లబడుతోంది.

ఎనిమిదికల్లా వీధి వీధంతా వాకిట్లో చేరింది. మాస్టారికి నా అన్నవాళ్లు లేరు కాబట్టి కాంట్రాక్టరు రమణయ్య పెత్తనం తీసుకున్నాడు. మామూలుగా కూడా ఆయన పెత్తనం తీసుకోవడానికి ఎవరూ పోనక్కర్లేదు.

"పదకొండు లోపల ఎత్తేయాలి. ఆ తర్వాత ఎండ. కట్టెల వాడికి కూడా చెప్పేశాను."

శ్రావణి బోర్డు చూస్తూ నిలబడింది. దాని మీద రెండు అలలు గీసి ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి. అవి నిన్న లేవు.

"ఎత్తకండి తాతా," అంది. "సర్ ఇంకా మాట్లాడాలి."

గవరయ్య ఆమెని పక్కకి తీసుకెళ్లాడు. కూతురి మొహం చూడలేక గోడని చూస్తూ మాట్లాడాడు. "మాస్టారే పోయాక ఇంకేం పరీక్షే? ఆయన దగ్గరా పూర్తవలేదు, ఇంకెవరూ దొరకరు. రేపు తెల్లారగట్ల బస్సుకి డిగ్లీపూర్ పోదాం. మీ మావయ్యకి చెప్పేశాను."

"మధ్యాహ్నం దాకా ఆగు నాన్నా. అంతే అడుగుతున్నాను."

రమణయ్య గడియారం చూసుకున్నాడు. తాయారమ్మ కళ్లు తుడుచుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"మనిషి మాట్లాడుతుండగా పాడె ఎక్కిస్తారేటి బాబూ ఎక్కడైనా?"

అందరికీ అది న్యాయంగానే తోచింది. డప్పులవాళ్లని వీధి చివర కూర్చోబెట్టారు. పక్కింటి కుక్కర్ కూడా దింపించారు. గదిలో చాప మీద మాస్టారు, చుట్టూ జనం.

పదకొండు దాటి పది నిమిషాలకి గదిలో దగ్గు వినపడింది. మాస్టారి దగ్గే. రమణయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"శ్రావణీ, నిద్ర పట్టలేదమ్మా. గుండె బరువుగా ఉంది. నువ్వు ఆరున్నరకి గానీ రావు. అందాకా ఉంటానో లేదో తెలీదు, చెప్పేస్తాను. బోర్డు చూడు."

అందరూ బోర్డు చూశారు.

"రెండు గీతలకీ ఎత్తులు ఒకటే, పల్లాలు ఒకటే. కొంచెం జరిగి ఉన్నాయంతే. నువ్వు తప్పు అన్నావు. తప్పు కాదు. యంత్రంలో గడియారం ఎవరో సరిగ్గా పెట్టలేదు. నీళ్లు నిజమే చెప్పాయి." ఆయాసం. "రెండో గీతని కాస్త కాస్త జరుపుతూ, జరిపిన ప్రతిసారీ మొదటిదానితో ఎంత కలిసిందో చూడమని కంప్యూటర్‌కి చెప్పు. ఎక్కడ ఎక్కువ కలిసిందో, ఆ జరిపినంతే ఆలస్యం."

గదిలో శ్రావణికి తప్ప ఒక్కరికి కూడా ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక ముసలావిడ మంత్రాలనుకుని చేతులు జోడించింది. ఎవరూ ఆవిడని వారించలేదు.

"ఆలస్యం ఎంతో తెలిస్తే ఇంక భయం లేదమ్మా," అంది గొంతు, చాలా నెమ్మదిగా. "అది తెలిశాక, అప్పుడు నువ్వు..."

పదకొండుంపావుకి గొంతు అక్కడ ఆగిపోయింది.

అందరూ ఎదురుచూశారు. గోడ గడియారంలో పదకొండూ ఇరవై అయింది. ముప్పై అయింది. ఆయన ఏ నిమిషానికి పోయాడో అప్పుడే అందరికీ తెలిసింది. తాయారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయిదుంపావు. నేను అప్పుడే లేచి పాలు కాస్తున్నాను. గోడకి ఇవతలే ఉన్నాను."

శ్రావణి బల్ల దగ్గర కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. నాలుగు వరుసలు టైపు చేసింది. తప్పు ఉందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఒక చుక్క మర్చిపోయింది. దిద్దింది. తెర మీద అంకె వచ్చింది.

"యాభై రెండు నిమిషాలు," అంది చాప వైపు తిరిగి. "అప్పుడు నేను దాన్ని యాభై రెండు నిమిషాలు వెనక్కి జరపాలి సర్."

జరిపింది. యంత్రం ఎర్రగీత కదిలి పట్టిక నీలంగీత మీద పడింది. ఇద్దరు మనుషులు ఒకే నీడలోకి వచ్చినట్టు రెండూ ఒకటైపోయాయి. గుమ్మంలో నిలబడ్డ గవరయ్య అది చూశాడు. తెరని చూసి, కూతుర్ని చూసి, చాప మీద మనిషిని చూశాడు.

"ఇప్పుడు ఎత్తండి," అంది శ్రావణి.

ఆమెకి ఆ పోస్టు వచ్చిన సంగతి తర్వాత ఊరంతా చెప్పుకున్నదే. శివాజీ అయితే ఆ అమ్మాయికి మొదట సలహా ఇచ్చింది తనేనని ఇప్పటికీ చెబుతాడు. కానీ ఆమె బతుకు మలుపు తిరిగింది పరీక్ష హాల్లో కాదు. పాడె కడుతుండగా గవరయ్య సందులోకి వెళ్లి డిగ్లీపూర్‌కి ఫోన్ చేశాడు.

"బావా, కొట్టుకి ఇంకెవర్నైనా చూసుకో. పిల్ల రాదు." అటునుంచి ఏదో అడిగారు. "లేదు, పరీక్ష రేపు." మళ్లీ అడిగారు. "మాస్టారు పోయారు బావా. పాఠం మాత్రం అయిపోయింది. ఆఖరి మాట మన పిల్లే చెప్పింది."

ఫోను జేబులో వేసుకుని, తువ్వాలు నడుముకి బిగించి, గవరయ్య పాడె ముందు కొమ్ము కింద భుజం పెట్టాడు.