లేని పుట్టుమచ్చ

నేను ఒక కాటుక భరిణెను. నిమ్మకాయంత ఉంటాను. ఒళ్లు ఇత్తడి, మూత మీద చిన్న చిలక. ఆ చిలకకి ముక్కు అరిగిపోయింది. ఎన్ని చేతులు దాన్ని పట్టుకుని మూత తీశాయో లెక్క లేదు మరి.

నన్ను పోత పోసింది శ్రీకాకుళం వైపు బుడితిలో. కంచరి ఆయన ఆకురాయితో రుద్ది, చింతపండుతో తోమి, ఎండకి పెట్టి చూసుకున్నాడు. సంతలో నన్ను కొన్నది సూరమ్మ. ఆవిడ ఆముదం దీపం వెలిగించి, పైన కంచు పళ్లెం బోర్లించి, పట్టిన మసిని గీకి వెన్నతో నూరి నాలో నింపేది. ఆ వాసన ఇప్పటికీ నా అడుగున ఎక్కడో ఉంది.

నేను చూసిన మనుషులు చిత్రమైనవాళ్లు. బిడ్డ అందంగా ఉందని పదిమందికీ చూపించుకోవాలి. ఎవరైనా చూస్తే దిష్టి తగులుతుందని భయపడాలి. ఈ రెండింటికీ మధ్య నన్ను పెట్టుకున్నారు. వేలి కొసన ఇంత నలుపు తీసి ఎడమ చెంప మీద చుక్క పెడితే వాళ్లకి ధైర్యం. ఆ ధైర్యం నాలో ఉందో వాళ్ల వేలిలో ఉందో నాకు ఎప్పుడూ తెలియలేదు.

సూరమ్మ కూతురు వరహాలమ్మ. పెళ్లయ్యాక నన్ను కొంగున కట్టుకుని విశాఖపట్నం వచ్చింది. ఆమె భర్త సన్యాసినాయుడు పోర్టులో క్రేన్ నడిపేవాడు. క్వార్టర్స్ వంటింటి గూట్లో నా చోటు. అక్కడికి ఓడల కూత వినపడేది. వాళ్ల కొడుకు కిశోర్ కూత వినగానే అన్నం వదిలేసి పరుగెత్తేవాడు.

"నాన్నా, నన్ను ఓడ ఎక్కించవా?"

"రిటైరవనీరా. టికెట్టు కొనుక్కుని దొరల్లాగా ఎక్కుదాం" అనేవాడు సన్యాసినాయుడు.

ఆ కిశోర్ పెద్దవాడై ఝాన్సీని పెళ్లాడాడు. తన్మయి పుట్టిన పదకొండో రోజున వరహాలమ్మ నన్ను కోడలి చేతిలో పెట్టి, "ఇంక ఇది నీదమ్మా" అంది. పాప నడక నేర్వకముందే కిశోర్ విషజ్వరంతో పోయాడు. తండ్రి రిటైరవడానికి ఇంకా ఐదేళ్లుంది.

ఝాన్సీ పాపతో కొన్నాళ్లు ఆ ఇంట్లోనే ఉంది. తర్వాత పుట్టింటివాళ్లు అనకాపల్లిలో, బెల్లం మార్కెట్టులో గుమస్తా చేసే భాస్కరంతో మళ్లీ పెళ్లి చేశారు. అత్తమామలు పెళ్లికి వెళ్లలేదు, కాదనీ అనలేదు. పాపతో పాటు నేనూ అనకాపల్లి వెళ్లాను. భాస్కరం మంచివాడు. నిద్రపోతున్న పాప కాళ్ల మీద దుప్పటి లాగడం నేను చూశాను.

ఒక వేసవిలో ఝాన్సీ పాపని వారం రోజులకని నాన్నమ్మ ఇంటికి పంపింది. పాప బట్టల సంచిలో నన్నూ పెట్టింది. వారం అయ్యాక వరహాలమ్మ ఫోనులో "రేపు పంపుతాం" అంది. ఆ రేపు ఎన్నాళ్లైనా రాలేదు. బడి తెరిచారు. ఝాన్సీ బస్సెక్కి తనే వచ్చింది. గొంతు పెంచలేదు. పాపని భుజాన వేసుకుంది. బట్టలన్నీ సంచిలో సర్దింది. నన్ను మాత్రం తీసి గూట్లో, నా పాత చోటులో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వరహాలమ్మ నన్ను తోమింది, నింపింది, మూత పెట్టింది. వాడటానికి చెంప లేదు. పాపని ఝాన్సీ అప్పుడప్పుడూ తీసుకొచ్చి చూపించేది గాని, పొద్దుపోకముందే వెనక్కి తీసుకెళ్లిపోయేది. అలా వచ్చిన ఒకరోజే తాతగారు మనవరాలిని వీధి చివర స్టూడియోకి తీసుకెళ్లి ఫొటో తీయించారు. దానికి ముందు నాన్నమ్మ నా మూత తీసి చెంపకి చుక్క పెట్టింది.

సన్యాసినాయుడు రిటైరయ్యాడు. విశాఖ నుంచి శ్రీలంక దాకా వెళ్లి ఐదు రోజుల్లో తిరిగొచ్చే విహార నౌక ఒకటి వస్తోందని తెలిసి, మూడు టికెట్లకి మాట్లాడి వచ్చాడు. కొడుక్కి అన్న మాట మనవరాలి దగ్గరైనా నిలబెట్టుకోవాలని ఆయన కోరిక. టికెట్ల ఆఫీసువాళ్లు ఒక చీటీ ఇచ్చారు. పాస్‌పోర్టులు, పాప పుట్టిన సర్టిఫికెట్టు, తండ్రి మరణ ధ్రువపత్రం, తల్లి అనుమతి పత్రం నోటరీ ముద్రతో.

"నా మనవరాలిని నేను తీసుకెళ్లడానికి కాగితమేటి?" అంది వరహాలమ్మ.

"సముద్రం మీద నువ్వు ఎవరో వాళ్లకేం తెలుసు?"

"చూస్తే తెలీదా? ముక్కు నా ముక్కు కాదూ!"

"పోనీ నీ ముక్కు మీద స్టాంపు వేయించుకుందాం, పద."

నవ్వు అక్కడితో అయిపోయింది. బీరువాలో పట్టుచీరల అడుగు నుంచి కొడుకు మరణ ధ్రువపత్రం తీయాల్సింది ఆమే. మడత విప్పకుండానే ఫైలులో పెట్టింది.

ఝాన్సీ పాస్‌పోర్టుకి సరేనంది, దగ్గరుండి తీయించింది కూడా. అనుమతి పత్రం మాటెత్తితే మాత్రం "చూద్దాం మామయ్యా" అనేది. ఓడ బయల్దేరే రోజు దగ్గరపడింది. చివరికి, "అనకాపల్లి కోర్టు దగ్గర నోటరీ ఉన్నారు. కాగితం తెండి, చదివి చెప్తాను" అంది.

కాగితం రాసింది సన్యాసినాయుడి స్నేహితుడు, పేరున్న దస్తావేజు లేఖరి. జీవితమంతా పొలాలూ ఇళ్ల స్థలాలూ రాసిన చెయ్యి. స్నేహితుడి పని కదా అని, మంచి గట్టి మాటలు వేసి రాశాడు. సన్యాసినాయుడు చదవకుండానే చేతిసంచిలో పెట్టాడు. అదే సంచిలో వరహాలమ్మ నన్నూ వేసుకుంది. ఎందుకో భర్తకి చెప్పలేదు.

నోటరీ కాత్యాయని గారి గది మెట్ల కింద ఉంది. ఝాన్సీ పాపతో వచ్చి ఒక పక్క కూర్చుంది, వీళ్లు ఒక పక్క. ఆధార్ కార్డుల కోసం సంచి బల్ల మీద బోర్లిస్తే నేనూ దొర్లి బయటపడ్డాను. ఝాన్సీ నన్ను చూసింది. కాగితం అందుకుంది.

చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"మామయ్యా, ఏంటిది? 'ఎడమ చెంపపై నల్లని పుట్టుమచ్చ గల సదరు మైనరు బాలిక'. మా పాపకి మచ్చెక్కడుంది?"

అందరూ పాప చెంప వైపు చూశారు. ఏ మచ్చా లేదు. కాగితం మీద అంటించిన స్టూడియో ఫొటోలో మాత్రం గుండ్రంగా, నల్లగా ఉంది. అది నాదే.

కాత్యాయని గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "నయం, తూర్పు పడమర హద్దులు రాయలేదు!"

ఝాన్సీ నవ్వలేదు. కింది వరుస మీద వేలు పెట్టి పైకి చదివింది. "'సదరు బాలికను సర్వహక్కులతో తాత నాన్నమ్మలకు నేటి దినమున స్వాధీనపరచడమైనది.'" తలెత్తి మామగారిని చూసింది. "పిల్లని రాసిచ్చెయ్యమంటున్నారా నన్ను?"

సన్యాసినాయుడి ముఖం పాలిపోయింది. "లేదమ్మా, నాకు తెలీదు... వాడు పొలాలకి రాసే అలవాటులో..."

"తెలీకుండానే వారం అనుకున్నది నెలయింది మామయ్యా."

వరహాలమ్మ పెదవులు బిగించింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె కోపం నాకు తెలుసు. కాని ఆమె మనవరాలి వైపు తిరిగింది. పాప ఇదేమీ పట్టనట్టు నా చిలక ముక్కు తడుముతోంది.

"లాయరమ్మగారూ," అంది వరహాలమ్మ, "ఇది చింపెయ్యండి. కొత్తది రాయండి. నేను చెప్తాను."

"చెప్పండమ్మా."

"పిల్ల తల్లిది. ఓడ చూపెట్టడానికి ఐదు రోజులకి మాకిస్తంది. ఆరో రోజు పొద్దున్న హార్బరు గేటు దగ్గర తల్లి చేతికి అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే పోలీసు కేసు పెట్టుకోవచ్చు. అలా రాయండి."

"వరహాలూ!" అన్నాడు భర్త.

"నువ్వూరుకో. కింద నా సంతకం కూడా పెట్టించండి."

"అనుమతి పత్రానికి మీ సంతకం అవసరం లేదమ్మా."

"నాకవసరం" అంది.

ఫొటో పాస్‌పోర్టుకి తీసినదే అంటించారు, చుక్క లేనిది. పోలీసు మాట కాత్యాయని గారు తీసేశారు. మిగతాదంతా పద్ధతిగా టైపు చేయించారు. వరహాలమ్మ నాలుగో తరగతి చదువుకున్న గుండ్రటి అక్షరాలతో, నాలిక కొస బయటపెట్టి, సంతకం చేసింది. కాగితం ఝాన్సీ వైపు జరిగింది. ఆమె కలం తీసుకుని, పాప తల మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే సంతకం పెట్టింది. తర్వాత నా మూత తీసింది. ఎన్నాళ్లకో ఆమె వేలు నాకు తగిలింది. పాప చెంప మీద చుక్క పెట్టి, "ఓడలో అందరూ చూస్తారు అత్తమ్మా, రోజూ పెట్టండి" అని నన్ను వరహాలమ్మ చేతికిచ్చింది.

ఓడ గురించి నేను ఎక్కువ చెప్పలేను. సంచిలోంచి వినిపించింది నీళ్ల చప్పుడు, పాప కేకలు. ఒక సాయంత్రం సన్యాసినాయుడు మనవరాలికి శ్రీలంక రేవులో దూరంగా కనిపించే క్రేన్ల పేర్లు చెబుతూ చెబుతూ మధ్యలో "కిశోర్" అని పిలిచాడు. పాప సరిచేయలేదు. "ఊఁ తాతా" అంది.

ఆరో రోజు ఓడ తెల్లవారుజామునే ఒడ్డుకి చేరింది. వరహాలమ్మ భర్తని కాఫీ తాగనివ్వలేదు. హార్బరు గేటు దగ్గర నిలబడి, ఎండలో కొంగు కప్పి, నిద్రమత్తులో ఉన్న పిల్లని పట్టుకుంది. ఝాన్సీ, భాస్కరం ఆటో దిగారు. వరహాలమ్మ పిల్లని ఝాన్సీ భుజాన పెట్టి, చెంగుతో చెంప తుడిచింది. నన్ను కూడా పాప సంచిలో పెట్టబోతే ఝాన్సీ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ దగ్గరే ఉంచండి అత్తమ్మా. దసరా సెలవులకి పాపని పంపిస్తాను."

"ఎన్నాళ్లకి?" అని అడిగింది వరహాలమ్మ, భయంగానే.

ఝాన్సీ పాపని ఇంకో భుజానికి మార్చుకుంది. "దాని ఇష్టం. కాగితం మాత్రం రాయించకండి."