బతికుంటేనే క్రీము

కొనుగోళ్ల మేనేజరు ముందుగదిలో కూర్చున్నాడు. సంతకం పెట్టడమే తరువాయి. అతని కంపెనీకి ఊరూరా షాపులున్నాయి. వాటి అరల్లో ఇంత చోటు సంపాదించడానికి వదిన ఏళ్ల తరబడి చెప్పులరిగేలా తిరిగింది.

ఇంట్లో మరిది పిలిచే పిలుపే పనివాళ్ల నోటికీ ఎక్కి, ఆవిడ అందరికీ వదినే అయిపోయింది. ఆవిడ లెక్కలో కొనేవాళ్లు రెండు రకాలు: అవసరం చెప్పుకుని బేరమాడేవాళ్లు, అవసరం దాచుకుని బేరమాడేవాళ్లు. ఇతను రెండో రకం. బల్ల మీది క్రీము సీసా మూత తీసి వాసన చూసి, "పరవాలేదు" అని పెదవి విరిచినప్పుడే ఆవిడకు బేరం కుదిరిందని తెలిసిపోయింది.

అంతలో వెనకగది తలుపు సందులోంచి తోడికోడలు తొంగిచూసింది.

"అక్కా, ఒక్కసారి ఇలా రా."

ఆ గొంతులో తేడా వదిన పసిగట్టింది. నవ్వును ముఖం మీద అలాగే నిలుపుకుని, "మీరు టీ తాగుతూ ఉండండి" అని లేచింది.

ఆ క్రీము తోడికోడలి కష్టం. చర్మానికి మేలు చేసే సూక్ష్మజీవులు అందులో ప్రాణాలతో ఉంటాయి. మామూలు క్రీములు చెడిపోకుండా కలిపే మందు ఇందులో కలపకూడదు, కలిపితే అవే ముందు చస్తాయి. బల్ల మీద వరసగా గాజు గొట్టాలున్నాయి. ఒక్కటి పసుపు రంగులో ఉంది. మిగిలినవన్నీ ఊదా.

"బతికుంటే తెల్లారేసరికి రంగు పసుపుకి తిరగాలక్కా. క్రీము కలిపిన గిన్నెలోంచి తీసింది తిరిగింది. సీసాల్లోంచి తీసినవి ఒక్కటీ తిరగలేదు."

"అంటే?"

"సీసాల్లోకి వెళ్లాక చచ్చిపోయాయి."

ఇద్దరూ ఒకేసారి మూలనున్న మరిది వైపు చూశారు. శుభ్రం పిచ్చి వల్ల ఇంట్లో అతన్ని సబ్బుబిళ్ళ అంటారు.

"సీసాలు ఎలా కడిగావయ్యా?" అంది వదిన.

"ఎప్పటికంటే బాగా కడిగాను వదినా. పెద్ద బేరం కదా! ఆసుపత్రుల్లో నేల తుడిచే మందు తెప్పించాను. దాని పవరు పోకూడదని మళ్లీ నీళ్లతో తొలపలేదు కూడా. ఒక్క క్రిమి మిగిలితే ఒట్టు!"

"మహానుభావా, మనం అమ్మేదే క్రిముల్ని!" అంది అతని భార్య ఏడవలేక.

మరిది గొంతు తగ్గించి, "వాసన మారలేదు, రంగు మారలేదు. సంతకం అయిపోనిద్దాం వదినా" అన్నాడు.

"ఆ మందు క్రీములో ఎంత కలిసిందో నాకే తెలీదు. ఎవరి ముఖానికి రాయమంటారు?" అంది భార్య.

వదిన ముందుగదిలోకి వచ్చేసరికి మేనేజరు కలం మూత తీసి కూర్చున్నాడు.

"ఈ సరుకు ఇవ్వలేనండి."

అతను నవ్వాడు. "ఎవరు ఎక్కువిస్తామన్నారు? సరే, మీరడిగిన ధరే వేసుకోండి."

ఇన్నాళ్లూ ఎంత బతిమాలినా పెంచని ధర అది. అయినా వదిన జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

అతను లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇది మనకేగా తెలుసు? ప్రకటనలు అచ్చయిపోయాయమ్మా. బతికుందో చచ్చిందో ముఖం మీద ఎవడు చూడొచ్చాడు?"

"ముఖం మీద దద్దుర్లు లేస్తే చూస్తారు. అప్పుడు మీ షాపుని తిట్టరు, సీసా మీది పేరుని తిడతారు. ఆ పేరు మాది. కొంచెం గడువివ్వండి, మళ్లీ చేసిస్తాం."

"గడువంటే ఆ అరలో ఇంకొకరి సరుకు కూర్చుంటుంది."

"కూర్చోనివ్వండి."

అతను కాగితాలు సర్దుకున్నాడు. వాటితోపాటే బల్ల మీది సీసా కూడా సంచిలోకి జారింది.

"మా పైవాళ్లకు ఊరికే చూపిస్తాలెండి" అన్నాడు, ఉన్నట్టుండి ఎక్కడలేని చనువుతో.

వదినకు విషయం అర్థమైంది. ఆ సీసా చూపించి, అంతా సిద్ధమని చెప్పి ఆర్డరు రాయించేస్తాడు. తర్వాత ఈవిడ కాదన్నా వినే నాథుడుండడు. గబగబా వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడి చెయ్యి చాపింది.

"ఆ సీసా ఇచ్చెయ్యండి."

"ఒక్క సీసాకి ఇంత పట్టుదలా?"

"ఒక్కటే కదండీ, మరి మీకెందుకంత పట్టుదల?"

ఇద్దరూ కదల్లేదు. వీధిలో అతని కారు డ్రైవరు హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చివరికి మేనేజరు సీసా తీసి, ఆవిడ చేతికివ్వకుండా, బల్ల మీద టక్కున పెట్టి వెళ్లిపోయాడు.

వదిన సీసాను వెనకగదిలోకి తీసుకెళ్లి చెత్తబుట్టలో వంపింది. తోడికోడలు ఫ్రిజ్‌లోంచి క్రిములు బతికున్న కొత్త తోడు బయటికి తీస్తోంది. మరిది తలెత్తకుండా సీసాలు తొట్టిలోకి చేరవేస్తున్నాడు.

"పోయిందా వదినా?"

"పోయింది. ముందు నీళ్లు మరగబెట్టు. ఆ మందు సీసా మళ్లీ ముట్టావంటే చేతులు విరిచేస్తాను."