గుబురులో జుంబుకోడి

తెల్లవారేసరికి ఆకాశం నీటి మీదికి వాలి ఉంది. వాన దిగితే కోసిన తుంగ నల్లబడి చాపలకు పనికిరాదు. అందుకే మా అన్నయ్యకు కాలు నిలవడం లేదు.

తుంగ కోసే మాకు ఒక పద్ధతి ఉంది. కొడవలి ఆనించే ముందు ఒకరు పడవలో నిలబడి, ఆ గుబురులో కాపురమున్న పిట్టను పేరు పెట్టి గట్టిగా పిలవాలి. బొల్లికోడి అంటే చింత లేదు. దాని గూడు నీటి అంచునే ఉంటుంది, పక్కకు తప్పుకుని కోసుకోవచ్చు. ఎర్ర నుదుటి జుంబుకోడి మాత్రం లోలోపల దాగి పొదుగుతుంది. దాని పేరు పిలిస్తే పిల్లలు నీళ్లలోకి దిగేదాకా ఆ గుబురంతా వదిలేయాలి.

పిలిచే పని ఇన్నాళ్లూ మా అమ్మది. చూపు మందగించాక మా అమ్మాయికి అప్పగించింది. ఆ రోజే మొదటి పిలుపు. తప్పితే ఆ పని అన్నయ్య చేతికి పోతుందని పడవల్లో అందరికీ తెలుసు.

అమ్మాయి చాలాసేపు చెవి ఒగ్గి నిలబడింది. ఎదురుగా తెల్ల నుదుటి నల్లపిట్ట ఒకటి మునుగుతూ తేలుతూ ఉంది.

"జుంబుకోడి" అని పిలిచింది.

వెనక పడవల్లో నవ్వారు. అన్నయ్య నవ్వలేదు.

"నుదుట సున్నం కొట్టుకుని కళ్లముందే తిరుగుతుంటే కనపడలేదటే? పనితో పాటు మీ నాయనమ్మ చూపు కూడా ఇచ్చిందా నీకు?"

"బొల్లిది మేతకొచ్చింది, పెదనాన్నా. ఇల్లు దానిది కాదు."

ఆ మడుగు మొత్తానికి మేలైన తుంగ అది. అన్నయ్య నా వైపు చూశాడు. నేను ఊ అంటే కోత మొదలయ్యేది. అమ్మాయి విన్న లోపలి అలికిడి నాకు వినపడలేదు. అయినా తెడ్డు కింద పెట్టాను.

"పిలిచిన పేరు పిలిచినట్టే" అన్నాను.

అన్నయ్య విసురుగా పడవ ముక్కు గుబురులోకి దూర్చి, చేతులతో తుంగ పాయ తీశాడు. కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. ఎర్ర నుదురు, పసుపు కొన ముక్కు ఉన్న పిట్ట గూటి మీంచి లేవకుండా తననే చూస్తోందని తర్వాత చెప్పాడు. తీసిన పాయను మెల్లగా మూసి, వెనక పడవలవైపు తిరిగి తానే గొంతెత్తాడు.

"జుంబుకోడి!"

అవతలి ఒడ్డున పలచటి తుంగ కోసుకున్నాం. సగంలోనే వాన పట్టుకుంది.

ఇంట్లో రోజూ మొదటి వడ్డన అన్నయ్యకే. ఆ మధ్యాహ్నం అమ్మ తడుముకుంటూ వచ్చి మొదటి గరిటె అమ్మాయి కంచంలో వేసింది. అన్నయ్య తన కంచం ఒళ్లోకి తీసుకుని వంతు వచ్చేదాకా ఆగాడు. తర్వాత అందరం తిన్నాం.