ఒకటికి ఒకటిన్నర

తెల్లారి గోడమీది చక్రం కదిలినాకే యశోదమ్మ పొయ్యి ముట్టించేది. చింతామణిలో మరిది ధనుంజయ పట్టు తీసేదానికి రాట్నం ముందర కూర్చున్నాడని దానర్థం. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు ఉన్న ఒక్క సైకిలును ఇద్దరూ వదల్లేదు. పెద్దమనుషులు విసుక్కుని ముందు చక్రం తమ్మునికి, వెనక చక్రం అన్నకు, యశోదమ్మ మొగుడు మునియప్పకు ఇచ్చినారు. తమ్ముడు తనదాన్ని రాట్నానికి బిగించుకున్నాడు, అన్న తనదాన్ని గోడకు తగిలించినాడు. అక్కడ ఒకటి తిరిగితే ఇక్కడ రెండోదీ తిరుగుతుంది. అంతే. పల్లెలో దాన్ని వింతగా చూసినవాళ్ళు లేరు.

మునియప్ప మాత్రం మరిచే రకం కాదు. చిన్నవాడు పెద్దవానికి సైకిలు వదలల్ల, వదల్లేదు. ఆ ఒక్క చక్రంతోనే సైకిలు చేసి, తమ్ముని వాకిలి ముందర కాలు కింద పెట్టకుండా, లోపలికి చూడకుండా పోతానని పంతం పట్టినాడు. ఫ్రీవీల్ పీకేసినాడు, ఇంక చక్రం తిరిగితే పెడళ్ళూ తిరగల్ల. పైన సీటు, నడుమ పెడళ్ళు, గొలుసు కుదిర్చినాడు. మిగిలింది గేరు. పెడలు కాడ, చక్రం కాడ పళ్ళు సమానమైతే పెడలు ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు. పెడలు కాడ పళ్ళు ఎక్కువైతే చక్రం ఒకటిన్నర చుట్టు. బాగేపల్లి పాత ఇనుము అంగడిలో రెండు రకాల పళ్ళచక్రాలూ ఏరి తెచ్చినాడు.

"ఒకటిన్నరే," అన్నాడు. "నిదానంగా పోతే వాణ్ణి చూసేదానికే వచ్చినట్టుంటాది. సర్రుమని పోవల్ల."

కళ్ళంలో తొక్కి చూస్తాంటే యశోదమ్మ ఫోను మోగింది. ధనుంజయ పెండ్లాం గిరిజమ్మ.

"అక్కా, బావను మెల్లగా తొక్కమను. దారం తెగుతాండాది. పట్టుగూళ్ళు ఉడికిపోయినాయి, ఈ పొద్దు తీయకుంటే పారేసేదే."

"విన్నావా?" అంది యశోదమ్మ.

"వాని దారం వాడు చూసుకోనీ. నా చక్రం నాది."

మళ్ళీ తొక్కినాడు. మళ్ళీ ఫోను. ఈసారి గిరిజమ్మ ముక్కు చీదడమే వినపడింది.

మునియప్ప దిగి స్పానరు అందుకున్నాడు. "మిట్ట ఎక్కేదానికి ఒకటిన్నర బరువు. ఒకటికి ఒకటే సరి. వానికోసమని కాదు."

"నేనేమన్నా అంటినా?"

మరుసటి పొద్దు బయలుదేరినాడు. చింతామణి ముందర మిట్ట సగంలో మోకాళ్ళు మొండికేసినాయి. కాలు కింద పెట్టబోతాంటే పెడళ్ళు వాటంతట అవే తిరిగినాయి, దారం తీసినంత మెత్తగా. తమ్ముడు రాట్నం తిప్పుతాండాడు. మునియప్ప ఊరికే కూర్చుని మిట్ట ఎక్కేసినాడు. మేఘం మీద పోయినట్టే ఉండింది, కానీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

తమ్ముని వీధి. తమ్ముని వాకిలి. తల తిప్పలేదు. సరిగ్గా గడప ముందర చక్రం నిలిచిపోయింది. ఒంటి చక్రం నిలిస్తే మనిషి నిలవడు. కాలు మెట్టుమీద పడింది.

"రాట్నం ఎందుకాపితివిరా?"

ధనుంజయ తడిచేతులు పంచెకు తుడుచుకుంటా వాకిట్లోకి వచ్చినాడు. "నువ్వు వస్తాండావు కదన్నా, ఎదురొద్దామని లేస్తి."

మునియప్ప చక్రాన్ని గోడకు ఆనించినాడు.

"తెగిన దారం యాడుండాదో చూపించు," అని చెప్పులు విడిచినాడు.